ఓపెన్ డేకి హన్మకొండ పోతున్నం, కాలేజీల ఏం చూడాలె?

సింగరేణి బిడ్డ:
మాది మంచిర్యాల. తమ్ముడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, ఎప్‌సెట్ రాస్తడు. వచ్చే శనివారం హన్మకొండ దిక్కు రెండు ప్రైవేటు కాలేజీలల్ల ఓపెన్ డే ఉన్నది. బాపు, నేను, వాడు పోదామనుకుంటున్నం. మా ఇంట్ల ఇంజనీరింగ్ చదివినోళ్లు లేరు, బ్రోచర్లు చూస్తే అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి. అక్కడ ఏం చూడాలె, ఏం అడగాలె? ఫోన్ చేసినామె ఆ రోజే కొంత కట్టి సీటు బ్లాక్ చేసుకోమంటున్నది, కట్టచ్చా?

పోచమ్మమైదాన్:
ముందు డబ్బు సంగతి. 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపేవి. అవి వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్‌లో కాలేజీ, బ్రాంచి ఎంపిక) పెట్టుకున్నాక ర్యాంకును బట్టి వచ్చేవే తప్ప కాలేజీ చేతిలో ఉండవు. కాబట్టి ఓపెన్ డే రోజు ‘బ్లాక్’ చేసేది కాలేజీ తానే ఇచ్చుకునే మేనేజ్‌మెంట్ సీటే. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ (ప్రభుత్వం ఫీజు కట్టడం) వర్తించదు, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు ఇచ్చే స్పాట్ అడ్మిషన్‌కూ అంతే. కన్వీనర్ సీటు వచ్చిన బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ఫీజు వస్తుంది, దాటితే 35,000 వరకే. మిగతాది ఇంటి నుంచి కట్టాలి. అందుకే ‘ట్యూషన్ ఫీజు ఎంత’ అని అడిగి ఊరుకోవద్దు. ఏడాదికి అన్నీ కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి: ట్యూషన్, యూనివర్సిటీ ఫీజు, పరీక్ష ఫీజు, బస్సు, హాస్టల్, హాస్టల్ డిపాజిట్. నోటిమాటగా చెప్పినదానికి, జూలైలో వచ్చే చలానాకు పొంతన ఉండదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఆ రోజు తీసుకుపోకండి, జిరాక్సులు చాలు. చేరాక కూడా ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకునే హక్కు కాలేజీకి లేదు. తరగతులు మొదలవకముందే సీటు వదులుకుంటే 1,000 రూపాయలకు మించకుండా మినహాయించుకుని మిగతా ఫీజు తిరిగివ్వాలన్నది ఏఐసీటీఈ (సాంకేతిక విద్యకు కేంద్ర నియంత్రణ సంస్థ) నిబంధన.

ఇక పోయే ముందు ఇంట్లోనే రెండు కాగితాలు చూసుకోండి. ఒకటి, ఎప్‌సెట్ వెబ్‌సైట్‌లో నిరుటి లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్. కాలేజీ, బ్రాంచి, కేటగిరీ, అబ్బాయి, అమ్మాయి వారీగా చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో అందులో ఉంటుంది. మొదటి విడత జాబితా ఒక్కటే చూసి దిగులుపడొద్దు. చివరి విడతకు వచ్చేసరికి చాలా బ్రాంచీల్లో ఇంకా వెనుక ర్యాంకులకూ సీటు వస్తుంది.

రెండోది ఎన్ఐఆర్ఎఫ్‌కు (కాలేజీలకు కేంద్రం ఇచ్చే ర్యాంకింగ్) కాలేజీ ఇచ్చిన డేటా. సాధారణంగా కాలేజీ వెబ్‌సైట్‌లోనే పీడీఎఫ్‌గా దొరుకుతుంది. ఎంతమంది చేరారు, గడువులో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత అన్న అంకెలు వరుసగా ఉంటాయి. ఫ్లెక్సీ మీద వేసేది హయ్యెస్ట్ ప్యాకేజీ, అది ఒక్కరిది. మీకు కావాల్సింది మీడియన్, అంటే జీతాలన్నీ వరుసగా పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది. ‘400 ఆఫర్లు’ అన్నా మోసపోవద్దు, ఒకే పిల్లకు మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కేస్తారు. ఉదాహరణకు 240 మంది చేరి, 190 మంది గడువులో పాసై, 90 మందికి ఉద్యోగం వచ్చిందనుకోండి. శాతం 190 మీద లెక్కగట్టారా, ‘అర్హులైన వాళ్ల’ మీదనా అని ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను సూటిగా అడగండి.

ఓరుగల్లు 506:
పైన అన్న డబ్బు గురించి చెప్పిండు, నేను ల్యాబుల గురించి చెప్త. ఓపెన్ డే రోజు టేబుల్ మీద డ్రోను, రోబో పెట్టి చూపిస్తరు. దాన్ని చూసి పక్కకు జరగున్రి. వర్క్‌షాపుల లేత్ మిషన్ కింద ట్రే వంగి చూడున్రి. ఇనుప తురుము, కూలెంట్ మరకలు ఉంటే పిల్లలు పనిచేస్తున్నట్టు. బెడ్ మీద గ్రీజు గట్టిపడి దుమ్ము పట్టి ఉంటే ఆ మిషన్ తనిఖీకి చూపెట్టేటందుకే. ఎలక్ట్రానిక్స్ ల్యాబుల సీఆర్‌ఓకు (సిగ్నల్‌ను తెర మీద చూపే పెట్టె) ప్రోబ్‌లు, అంటే సర్క్యూట్‌కు తగిలించే వైర్లు, ఉన్నయా లేదా చూడున్రి. పెట్టెలు వరుసగ ఉంటయి, ప్రోబ్‌లే పోయి ఉంటయి. కంప్యూటర్ ల్యాబుల సెక్షన్‌కు ఎంతమంది, బ్యాచ్‌కు ఎంతమంది, నడిచే సిస్టంలు ఎన్ని అని అడుగున్రి. మీటింగు హాలు ఎట్లున్నా పట్టించుకోవద్దు.

వాలంటీర్ బ్యాడ్జి వేసుకున్న పిల్లలు నేర్పిన ముచ్చటనే చెప్తరు. క్యాంటీన్ దగ్గర థర్డియర్ పిల్లలు కనవడితే రెండే అడుగున్రి: ఈ సెమిస్టర్‌ల సార్లు ఎంతమంది మారిన్రు, పోయిన సెమిస్టర్ ఎంతమందికి బ్యాక్‌లాగులు (ఫెయిలైన సబ్జెక్టులు) ఉన్నయి. సార్లు ఊకె మారుడు ఉన్న కాడ బిల్డింగు ఎంత పెద్దగున్నా లాభం లేదు. హాస్టల్ అయితే పై అంతస్తు బాత్‌రూంల నల్లా తిప్పి చూడున్రి, వీలైతే మెస్‌ల భోజనం చేయున్రి.

సింగరేణి బిడ్డ:
చాన థ్యాంక్స్ అన్నా. వాడు సీఎస్ఈల (కంప్యూటర్ సైన్స్) ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) అంటున్నడు. ఒక కాలేజీ బోర్డు మీద ఎన్‌బీఏ గుర్తింపు అని పెద్దగ రాసి ఉన్నది, అంటే అన్ని బ్రాంచీలకు ఉన్నట్టేనా?

పోచమ్మమైదాన్:
కాదు. న్యాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడివిడిగా ఇస్తారు, అదీ కొన్నేళ్లకే. ఏ బ్రాంచికి, ఏ సంవత్సరం దాకా అని అడగండి. కొత్త బ్రాంచిలో కనీసం రెండు బ్యాచ్‌లు పాసై బయటికి పోతే తప్ప ఎన్‌బీఏకు దరఖాస్తు చేయడానికే వీల్లేదు. కాబట్టి ఏఐ-ఎంఎల్‌కు లేకపోవడం దానంతటదే లోపం కాదు. అక్కడ అడగాల్సింది వేరు: మెషిన్ లెర్నింగ్ సబ్జెక్టు చెప్పేదెవరు, ఆ సార్ సీఎస్ఈ సెక్షన్లకూ అదే చెప్తున్నారా, మొదటి మూడు సెమిస్టర్లు మామూలు సీఎస్ఈకి తేడా ఏముంది. సిలబస్ కాపీలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎంత తక్కువో మీకే తెలుస్తుంది. నా మట్టుకు, మంచి కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వస్తుంటే దాన్ని వదిలి పేరు లేని చోట ఏఐ తీసుకోమనను.

హసన్‌పర్తి రోడ్డు:
దారి సంగతి ఎవరూ చెప్పలే. మంచిర్యాల నుంచి సికింద్రాబాద్ బండెక్కితే కాజీపేటల దిగచ్చు. విజయవాడ దిక్కు పోయేటివి చాలావరకు కాజీపేటకు రాకుండ వరంగల్ పోతయి, టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోవాలె. ఎన్ఐటీ కూడ చూపిద్దామనుకుంటే కాజీపేటనే దగ్గర. కాలేజీలు ఎర్రగట్టుగుట్ట, హసన్‌పర్తి దిక్కైతే కరీంనగర్ మీదుగ బస్సే నయం, ఆ రోడ్డు మీదనే వస్తది. ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆపుతదా అని కండక్టర్‌ను ముందే అడుగున్రి. ఆపకపోతే కేయూ క్రాస్‌రోడ్డుల దిగి ఆటోల వెనుకకు రావాలె. ఒక్కరోజుల రెండు కాలేజీలంటే పొద్దున ల్యాబులు తెరిచి ఉండే కాలేజీకి ముందు పోవున్రి. మధ్యాహ్నం రెండు దాటితే ఓపెన్ డే అని పేరే గానీ ల్యాబుల అటెండర్లు తాళాలేసి పోతరు.