అప్‌డేట్: మా అక్క కూతురికి నిజం చెప్పేశాం

మాట్లాడటం మానేసి, మాత్రలు దాచేస్తున్న మా అక్క కూతురికి తన జబ్బు సంగతి ఎలా చెప్పాలని మూడు నెలల క్రితం ఇక్కడ అడిగాను. అక్కా బావా పోయాక మా దగ్గరే పెరుగుతున్న 14 ఏళ్ల పిల్ల. పుట్టుకతోనే హెచ్‌ఐవీ. "రక్తం తక్కువ, అందుకే మాత్ర" అని నమ్మిస్తూ వచ్చాం. ఉన్నట్టుండి మాటలు మానేసింది, జామెట్రీ బాక్సులో మింగని మాత్రలు పదకొండు దొరికాయి.

మీరన్నట్టే ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) కౌన్సెలర్‌ని కలిశాం. 12 ఏళ్లలోపే మెల్లమెల్లగా చెప్పాల్సిందట, డబ్ల్యూహెచ్‌ఓ మాట కూడా అదే. ఆవిడ ఎదుటే పిల్లని కూర్చోబెట్టి చెప్పాను. నా గొంతు వణుకుతోంది, అది మాత్రం తాపీగా "ఏడో క్లాసులోనే తెలుసు పిన్నీ. డబ్బా మీది పేరు ఫోన్లో కొట్టి చూశా. మీరు బాధపడతారని అడగలేదు" అంది. రెండేళ్లు ఒంటరిగా మోసింది. ఇద్దరం అక్కడే ఏడ్చాం.

ఇంకో సంగతి, దానికి రాత్రి నిద్ర పట్టకపోవడానికి దిగులొక్కటే కారణం కాదు. అది వేసుకునే హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ కొందరికి నిద్ర చెడగొడుతుందని డాక్టరు మాత్ర పొద్దుటికి మార్చారు, తేడా తెలుస్తోంది. దిగులుకి సైకియాట్రిస్టు దగ్గరికి విడిగా వెళ్తున్నాం. అర్ధరాత్రి ఒకసారి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి కూడా చేశాను, తెలుగులోనే మాట్లాడారు.

స్కూల్లో చెప్పలేదు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం చెప్పాల్సిన పనీ లేదు.

వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) ఇంకా 1000 లోపుకి రాలేదు. వచ్చే నెల మళ్లీ రక్తం ఇవ్వాలి. నిన్న "నాకు పెళ్లవుతుందా పిన్నీ?" అని అడిగింది. మాత్రలు మానకపోతే అవుతుంది, పిల్లలూ పుడతారు అన్నాను. "ముందు టెన్త్ పాసవనీ" అని నవ్వింది.