ఆయుష్షు పెంచే సైన్సు గురించి మన ఊళ్లల్లో చెప్పాలా, వద్దా?

పెన్నగట్టు_మాస్టారు (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్కారం. ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. నెలకో ఆదివారం మా వీధి చివర స్కూలు గదిలో సైన్సు కబుర్లు చెబుతుంటాను. వచ్చేది ఇరవై, ఇరవై అయిదు మంది. ఎక్కువగా మగ్గం నేసేవాళ్లు, నగలు చేసేవాళ్లు. టీ, బొరుగులు నా ఖర్చు. బొరుగుల కోసమే వచ్చేవాళ్లు ఒకరిద్దరున్నారని నాకు తెలుసు, ఏమీ అనను.

పోయిన ఆదివారం ముసలితనం గురించి చెప్పాను. 1993లో సింథియా కెన్యాన్ మిల్లీమీటరు పొడవుండే పురుగులో ఒక్క జన్యువు మార్పుతో దాని ఆయుష్షు రెట్టింపవడం చూపించారు. 2006లో యమనక నాలుగే నాలుగు జన్యువులతో ముదిరిన కణాన్ని మళ్లీ పసికణంగా మార్చారు, దానికి 2012లో నోబెల్ వచ్చింది. ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన రాపమైసిన్ అనే మందు ముసలి ఎలుకలకిచ్చినా అవి ఎక్కువ కాలం బతికాయి. ఇవన్నీ బాగా విన్నారు.

టెలోమియర్ల దగ్గర, అంటే క్రోమోజోముల చివరుండే తొడుగుల దగ్గర దొరికిపోయాను. పుస్తకాల్లో దీన్ని బూటు తాడు చివరుండే ప్లాస్టిక్ తొడుగుతో పోలుస్తారు. నా ముందు కూచున్న వాళ్లలో బూట్లు వేసుకునేవాళ్లు లేరు. అందుకని 'చీర కొంగుకి కుచ్చులు కడతారు కదా, ముడి లేకపోతే దారాలు ఊడిపోతాయి. కణంలో క్రోమోజోముల చివర్లు కూడా అట్లాంటివే, కణం విడిపోయిన ప్రతిసారీ కాస్త అరుగుతాయి' అన్నాను. మంచి పోలిక దొరికిందని లోపల సంతోషపడుతున్నా. అప్పుడు వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, 'సార్, నలభై ఏళ్లుగా పట్టు నేస్తున్నా. కుచ్చు ఊడినందుకు పాడైన చీర నేను చూళ్లేదు. బీరువాలో పెట్టిన చీర మడత దగ్గర జరీ కోసి చినుగుతుంది' అన్నాడు.

ఆయన చెప్పిందే నిజం. ముసలితనానికి టెలోమియర్ ఒక్కటే కారణం కాదు. 2013లో శాస్త్రవేత్తలు తొమ్మిది లక్షణాలు లెక్క తేల్చారు, 2023లో అవి పన్నెండయ్యాయి. నా పోలిక తప్పని ఒప్పుకుని మడతల కథ మొదలుపెట్టాల్సి వచ్చింది.

అసలు సమస్య మంగళవారం తెలిసింది. విన్నవాళ్లలో ఒకాయన 'రాపమైసిన్' అని చీటీ మీద రాసుకుని మందుల షాపుకి వెళ్లాడంట. నా మిత్రుడొకాయన ఫోన్ చేసి 'ఇట్లాంటివి వీళ్లకెందుకు చెబుతావు?' అని కోప్పడ్డాడు. రెండు రోజులుగా అదే ఆలోచన. చెప్పాలా, వద్దా?

రాగిసంకటి (అనంతపురం)

వద్దు సార్. మీ మీద గౌరవంతోనే చెబుతున్నా.

మా ఊర్లో 1990లలో సత్యసాయి నీళ్లు వచ్చేదాకా ఫ్లోరైడ్ నీళ్లే తాగినారు. మా జేజినాయన తరం వాళ్లు నలభై దాటకముందే నడుం వంగి, మోకాళ్లు పట్టేసి, గోడ పట్టుకుని నడిచినారు. అట్లాంటి చోట అమెరికా కోటీశ్వరుల నూటయాభై ఏళ్ల కలల గురించి చెబితే వినేవాళ్లకి ఏమొస్తుంది? బ్రయాన్ జాన్సన్ అనే ఆయన 2023లో తన పదిహేడేళ్ల కొడుకు రక్తంలోంచి ప్లాస్మా తీసి తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. కొన్ని నెలలకే 'లాభం కనబడలేదు' అని మానేశాడు. మనకి యయాతి కథ తెలుసు, కొడుకు యవ్వనం అడుక్కున్న తండ్రి చివరికి ఏమన్నాడో కూడా తెలుసు. ఇది సైన్సు కాదు, డబ్బున్నోళ్ల చావు భయం.

బెంగళూరు_బస్సు

సొంతూరు గుత్తి, ఉద్యోగం బెంగళూరు. అన్నా, ఒక్క ప్రశ్న. మీ ఇంట్లో ఎవరికైనా కంటి ఆపరేషన్ అయిందా? మా అవ్వకి అయింది. కంట్లో ప్లాస్టిక్ అద్దం పెట్టినారు. ఆమె ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తాది. పుట్టుకతో వచ్చిన కంటి కటకం తీసేసి, మనిషి చేసిన వస్తువు లోపల పెట్టడం కంటే పెద్ద మార్పు ఏముంటుంది? 1949లో హెరాల్డ్ రిడ్లీ లండన్‌లో మొదటి అద్దం వేసినప్పుడు పెద్ద పెద్ద కంటి డాక్టర్లే తిట్టినారు. ఇప్పుడు ప్రతి మండలంలో క్యాంపు పెట్టి చేస్తున్నారు, దాన్ని ఎవరూ 'చావు భయం' అనరు.

ఈ రోజు కోటీశ్వరుడి చేతిలో ఉన్నది ఇరవై ఏళ్లకి మనకొస్తుంది. మొదట అతనే ఖర్చు పెట్టి, అతని ఒంటి మీదే పరీక్ష చేసుకుంటుంటే మనకేం నష్టం?

ఇంకొకటి, తక్కువ తింటే ఆయుష్షు పెరుగుతుందని 1935లోనే అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో ఎలుకల మీద చూపించారు. దానికి కోట్లు అక్కర్లేదు. నేను రోజుకు పదహారు గంటలు తినను, ఎనిమిది గంటల్లోనే తింటాను.

రాగిసంకటి

తక్కువ తినమని సీమ జనానికి చెబుతున్నావా తమ్ముడూ?

1876-78 ధాత కరువులో ఇక్కడ ఎంతమంది పోయినారో నీకు తెలుసు కదా. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలోనే ఉంది. కరువు పనికొచ్చిన మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ దొర కోత పెట్టినాడు. ధాన్యం అరకేజీ కూడా లేదు, దాంతోనే రోజంతా రాళ్లు కొట్టాల. మనిషి ఎంత తక్కువ తిండితో బతకగలడో అని సర్కారే మన మీద ప్రయోగం చేసిందన్నమాట. నువ్వు తినకుండా ఉండేది ఫ్రిజ్ నిండా పెట్టుకుని. రెండూ ఒకటి కాదు.

అద్దాల సంగతికొస్తే, వాటి ధర దానంతట అదే తగ్గలేదు. వంద డాలర్లు పలికే అద్దాన్ని 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఆరోల్యాబ్ పెట్టి, లాభం కోసం కాకుండా తయారుచేసి, పది డాలర్ల దగ్గరికి తెచ్చినారు. కోటీశ్వరుడు వాడి వదిలేసింది మనకి రాలేదు.

బెంగళూరు_బస్సు

ఆరోల్యాబ్ మాట ఒప్పుకుంటా. కానీ రిడ్లీ లేకపోతే మదురై వాళ్లు ఏం తయారుచేసేవాళ్లు?

మాత్రల_డబ్బా (కడప)

మందుల షాపు నాది. మాస్టారు చెప్పిన చీటీ మా షాపుకి రాలేదు కానీ అట్లాంటివి నెలకి రెండు మూడు వస్తున్నాయి. యూట్యూబ్ చూసి వస్తారు. షుగర్ లేని మనిషి మెట్‌ఫార్మిన్ అడుగుతాడు. ఎందుకయ్యా అంటే 'ఆయుష్షు కోసం'. చీటీ లేకుండా ఇవ్వనంటే పక్క షాపుకి పోతాడు.

ఈ మెట్‌ఫార్మిన్ మోజు ఎక్కడిదో నేనూ చదివాను. 2014లో బ్రిటన్‌లో ఒక లెక్క వచ్చింది. ఈ మాత్ర వేసుకునే షుగర్ వాళ్లు షుగర్ లేనివాళ్ల కంటే కాస్త ఎక్కువ బతికారని. 2022లో డెన్మార్క్‌లో మళ్లీ లెక్కేస్తే అట్లా తేలలేదు. యూట్యూబ్‌లో మొదటి లెక్కే తిరుగుతోంది. ఎక్కువ కాలం వాడితే బి12 తగ్గుతుంది, అది ఎవరూ చెప్పరు.

రాపమైసిన్ ఇంకా పెద్ద తలనొప్పి. కిడ్నీ మార్పిడి చేసుకున్నవాళ్లకి, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే మందు అది. రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. నోట్లో పుళ్లు లేస్తాయి, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. బతికి బాగుండే మనిషి ఎందుకు మింగాలి?

మాస్టారూ, తప్పు మీది కాదు. కానీ మందు పేరు చెప్పినప్పుడు అది దేనికిచ్చే మందో కూడా అదే నోటితో చెప్పాలి.

పెన్నగట్టు_మాస్టారు

చెప్పలేదు. ఎలుకల కథ రంజుగా ఉందని అక్కడే ఆగిపోయాను. మింగేదాకా వెళ్తుందని అనుకోలేదు.

నైట్‌డ్యూటీ (కర్నూలు)

కర్నూల్లో హౌస్‌సర్జన్‌ని. డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

ఎలుకల లెక్క కాస్త సరిగ్గా చెప్పుకుందాం. 2009లో వచ్చిన ఆ పరిశోధనలో 600 రోజుల వయసున్న ఎలుకలకి, అంటే మన అరవై ఏళ్లనుకోండి, రాపమైసిన్ మొదలుపెట్టారు. ఆడవాటికి 14 శాతం, మగవాటికి 9 శాతం ఆయుష్షు పెరిగింది. ముసలితనంలో మొదలుపెట్టినా పనిచేసిందనేదే అందులో వింత. కానీ అవి శుభ్రమైన బోనులో, దోమ కుట్టకుండా, కలుషిత నీళ్లు తాగకుండా బతికే ఎలుకలు. మా వార్డులో మనుషులు అట్లా బతకరు.

అందరూ పొరబడే ఇంకో లెక్కుంది. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు, ఇప్పుడు 70 దగ్గర. ఇది చెబితే చాలామంది అప్పట్లో మనుషులు ముప్పై రెండుకే ముసలివాళ్లయ్యేవారని అనుకుంటారు. ఇంకొందరు 'మా జేజి తొంభై అయిదేళ్లు బతికింది, మీ లెక్క తప్పు' అంటారు. ఇద్దరూ పొరపాటే. 1951 ప్రాంతంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 140 మందికి పైగా ఏడాది నిండకుండానే పోయేవారు, ఇప్పుడు 30 లోపే. ఒక పసిబిడ్డ పోయి, ఒక అవ్వ ఎనభై ఏళ్లు బతికితే సగటు నలభై. అవ్వ నలభైకి పోయిందని కాదు కదా. పెరిగిన ఏళ్లలో చాలా భాగం పసిబిడ్డల ఏళ్లు. టీకాలు, మంచినీళ్లు, ఓఆర్ఎస్ ఇచ్చినవి. 1971 బంగ్లా శరణార్థి శిబిరంలో సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి కలరా చావులను 30 శాతం నుంచి నాలుగు శాతం లోపుకి తెచ్చారు. ఆయుష్షు పెంచే సైన్సంటే నా లెక్కలో అది.

పెద్దవాళ్లకైతే బీపీ మాత్ర. మీకు నవ్వొస్తుందేమో, నాకు రాదు. మాత్ర 'అలవాటైపోతుంది' అని మధ్యలో మానేసి, పక్షవాతంతో వచ్చిన మనిషిని ఈ రాత్రి కూడా చూశాను. వయసు 52.

రాగిసంకటి

అదే నేననేది. ఇవి చెప్పండి, యమనక ఎందుకు?

నైట్‌డ్యూటీ

కాదన్నా, యమనక కూడా కావాలి. మీరు చెప్పొద్దన్నంత మాత్రాన ఆగేది కాదు. మాస్టారు చెప్పకపోతే డబ్బాలమ్ముకునేవాడు చెబుతాడు, వాడు ఎలుకల కథే చెబుతాడు, నోటి పుళ్లు చెప్పడు. నేతపని చేసేవాళ్లు జన్యువుల గురించి వింటే ఎందుకు ఉలిక్కిపడాలి? మొత్తం గదిలో పోలిక తప్పని పట్టుకున్నది ఆ పట్టు నేసే పెద్దాయనొక్కడే కదా.

కదిరి_టీచరమ్మ

నాకు 71. ఉద్యోగంలో ఉన్నప్పుడు స్కూలు పిల్లలను తీసుకుని తిమ్మమ్మ మర్రిమాను చూడ్డానికి పోయేదాన్ని. అయిదు వందల ఏళ్లు దాటిన చెట్టంటారు, 1989లో గిన్నిస్‌లోకి ఎక్కింది. పిల్లలు 'అసలు మొదటి మాను ఏది టీచర్?' అని అడిగేవాళ్లు. ఏ ఊడ మాను అయిందో, ఏ మాను ఊడైందో చెప్పడం కష్టం. మీరంతా శరీరంలో ఒక్కో భాగం మార్చుకుంటూ పోవడం గురించి మాట్లాడుతుంటే అదే గుర్తొచ్చింది. అంతకంటే ఏమీ లేదు, ఊరికే చెప్పాను.

నా అసలు మాట వేరు. మా పక్కింటావిడకి 84. కొడుకులిద్దరూ కువైట్‌లో. డబ్బు పంపుతారు, సర్కారు పింఛను 4000 వస్తుంది, తిండికి లోటు లేదు. బాత్రూంలో పడి తొడ ఎముక విరిగింది, మూడేళ్లుగా మంచంలోనే. పనిమనిషి రాని రోజు నేను పోయి తుడుస్తాను. ఆమె రోజూ నన్ను అడిగేది ఒక్కటే, 'నన్నెందుకు ఇంకా తీస్కపోలేదు టీచరమ్మా' అని. ఆమెకు మీరు ఇంకో ఇరవై ఏళ్లు ఇస్తామంటే దణ్ణం పెట్టి వద్దంటుంది.

మా వయసు వాళ్లం గుళ్లో కూచుంటే కోరుకునేది కాలూ చేయీ ఆడుతుండగా పోవాలని. దానికి మీ సైన్సులో ఏమైనా ఉందా? ఉంటే అది చెప్పండి బాబూ.

నైట్‌డ్యూటీ

ఉందమ్మా. చాలా పాతది, మందు కాదు. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల దగ్గరున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. కాళ్ల బలం సగటున రెండింతలు దాటింది. తొంభైలో కూడా కండ పెరుగుతుందని అప్పటిదాకా చాలామంది డాక్టర్లే నమ్మలేదు. కాళ్లలో బలం ఉంటే పడిపోవడం తగ్గుతుంది. మీరు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూచోగలరా? ముందు గోడ పక్కన, ఎవరైనా తోడుండగా చూడండి.

కదిరి_టీచరమ్మ

మూడుసార్లు లేచాను. నాలుగోసారి మంచం పట్టుకున్నాను.

బెంగళూరు_బస్సు

అమ్మా, మేము కూడా దాన్నే అడుగుతున్నాం. నూటయాభై ఏళ్లు మంచంలో పడుకోవాలని ఎవరూ కోరుకోరు. ముసలితనాన్నే ఆలస్యం చేస్తే ఆ ఎముక విరగదు కదా. కసరత్తు మంచిదే, కానీ కసరత్తుతో తొంభై ఏళ్ల ఎముకని నలభై ఏళ్ల ఎముకగా మార్చలేం. ఏదో ఒక రోజు మందు కావాల్సిందే. దాని గురించి వినను కూడా వినకూడదంటే ఎట్లా?

రాగిసంకటి

వినకూడదని ఇప్పుడు అనను తమ్ముడూ. మొదట వినాల్సింది ఏది అనేదే నా గొడవ. టీచరమ్మ మాటతో నీకూ అర్థమయిందనుకుంటా.

మాత్రల_డబ్బా

మాస్టారూ, వచ్చే ఆదివారం ప్రొద్దుటూరు వస్తా. బీపీ మిషన్ తెస్తాను, అందరికీ ఫ్రీగా చూస్తా. మందులు అమ్మను, ప్రామిస్.

పెన్నగట్టు_మాస్టారు

రండి. బోర్డు మీద టాపిక్ మార్చేశాను. ఇంతకు ముందు 'ఆయుష్షు పెంచే సైన్సు - రెండో భాగం' అని ఉండేది, ఇప్పుడు 'చెయ్యి ఆనించకుండా లేవగలరా?' అని రాశాను. గుంత మగ్గంలో రోజుకు పది గంటలు కాళ్లు కిందకి వేసుకుని కూచునేవాళ్లే నా శ్రోతల్లో సగం. జరీ మడత చెప్పిన పెద్దాయన బోర్డు చదివి, 'మడత దగ్గరికే వచ్చినారు సార్' అన్నాడు.

బెంగళూరు_బస్సు

నేనూ వస్తా. కింద చిన్నక్షరాలతోనైనా రాపమైసిన్ అని రాయండి సార్.

పెన్నగట్టు_మాస్టారు

రాయను. అడిగితే చెబుతా, నోటి పుళ్లతో సహా.