అప్‌డేట్: బిగుసుకుపోయిన మడత చాకు దారికొచ్చింది

జేబులో పెట్టుకునే మడత చాకు కరకరమంటూ తెరుచుకుంటోందని, వంటనూనె వేయొచ్చా అని అడిగాను కదా. వద్దన్నవాళ్లకు థాంక్స్. నిజం చెప్పాలంటే అడగకముందే ఒకసారి వేసేశాను! అసలు గొడవంతా అదే. ఆ నూనె ఎండి జిగురులా మారి, జేబులోని నూలుపోగుల్ని పట్టేసుకుంది.

నిన్న గోరువెచ్చని సబ్బునీళ్లలో చాకును తెరుస్తూ మూస్తూ, పాత టూత్‌బ్రష్‌తో కీలు దగ్గర రుద్దాను. పిడి లోపలి మూల నుంచి టూత్‌పిక్‌తో తీసిన చెత్త చూస్తే నాకే సిగ్గేసింది. తర్వాత బాగా తుడిచి, రాత్రంతా తెరిచే ఉంచి ఆరబెట్టాను. పొద్దున కీలుకు రెండు వైపులా ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, ఇరవైసార్లు ఆడించి, బయటికొచ్చింది తుడిచేశాను. తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆపే లాక్ పట్టు జారుతుందేమోనని అక్కడ మాత్రం నూనె తగలనివ్వలేదు.

అయినా కాస్త బిగుతుగానే ఉంది. కీలు స్క్రూ పావు చుట్టు వదులు చేస్తే బ్లేడు పక్కలకు ఊగింది. మళ్లీ వెంట్రుకవాసి బిగించాక సరిపోయింది. ఇప్పుడు బొటనవేలితో నెడితే చాలు, మెత్తగా తెరుచుకుంటోంది. బ్లేడు మీద చిన్న తుప్పు మచ్చ మాత్రం ఇంకా పోలేదు, దాని సంగతి తర్వాత చూస్తాను.