మా వీధిలో బండ్ల స్పీడు తగ్గించాలంటే ఎవర్ని పట్టుకోవాలి? (బెంగళూరు)

మారతహళ్లి వైపు ఉండేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మాది గట్టిగా 20 అడుగుల రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్ జామ్ అయిందంటే చాలు మ్యాప్ చూసుకుని క్యాబ్‌లు, డెలివరీ బైకులు అన్నీ మా వీధిలోకే దూరతాయి, పోనీ దూరినవి మెల్లగా పోతాయా అంటే అదీ లేదు. ఫుట్‌పాత్ ఉంది గానీ దాని మీద ఓ ట్రాన్స్‌ఫార్మర్, రెండు స్కూటర్లు, ఇక నడిచేది రోడ్డు మీదే. మొన్న మా అత్తయ్య పాలు తెస్తుంటే బైకు అద్దం మోచేతికి తగిలి ప్యాకెట్ పగిలింది, రోడ్డంతా పాలు, వాడు వెనక్కి కూడా చూడలేదు.

ఎవరో రాత్రికి రాత్రే సిమెంటు గుట్ట ఒకటి వేశారు, ఆటోల అడుగు కొట్టుకుంటోంది తప్ప లాభం లేదు. ఐఆర్‌సీ (రోడ్ల ప్రమాణాలు పెట్టే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) లెక్కలో హంప్ (స్పీడ్ బ్రేకర్) అంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 25 కి.మీ. స్పీడులో సాఫీగా దాటొచ్చు. అలాంటిది వేయించాలంటే ఎవర్ని అడగాలి? 2025 సెప్టెంబర్‌లో బీబీఎంపీ (బెంగళూరు నగర పాలక సంస్థ) పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాక నాకైతే అంతా అయోమయంగా ఉంది. ముందు ట్రాఫిక్ పోలీసుల దగ్గర లెటర్ తెచ్చుకోవాలా? మీ వీధిలో చేయించినవాళ్లు అర్జీలో ఏం రాశారో, ఎన్ని సంతకాలు పెట్టించారో చెప్పండి ప్లీజ్. నాకు కన్నడ మాట్లాడ్డం వచ్చు, రాయడమే రాదు.