ఈస్ట్ హామ్‌లో రూమ్ తీసుకోవచ్చా? (లండన్‌కి కొత్త)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది కాకినాడ. సెప్టెంబర్‌లో స్ట్రాట్‌ఫర్డ్‌లో మాస్టర్స్ మొదలవుతుంది. ఈస్ట్ హామ్‌లో ఒక ఇంట్లో రూమ్ ఉందన్నారు. మనవాళ్లంతా అక్కడే, కళ్లు మూసుకుని తీసుకోమని ఒకరు, ఆ ఏరియా బాగుండదని ఇంకొకరు. అమ్మకి భయంగా ఉంది. అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు:
తమ్ముడూ, నేను 14 ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నా. నాకు ఈ ఊరంటే ప్రాణం, అది ముందే చెప్పేస్తున్నా.

బాగుండదనేవాళ్లు చాలామంది స్టేషన్ బయట జనాన్ని చూసి అంటారు. సాయంత్రం హై స్ట్రీట్ నార్త్ కిక్కిరిసి ఉంటుంది, ఆ మాట నిజమే. ఫోన్ చేతిలో పట్టుకుని పరధ్యానంగా నడవకు, సైకిళ్ల మీద వచ్చి లాక్కుపోతారు. లండన్‌లో ఎక్కడున్నా ఈ జాగ్రత్త తప్పదు.

ఆ వీధిలోనే మహాలక్ష్మి గుడి ఉంది. మానర్ పార్క్ వైపు వెళ్తే మురుగన్ కోవెల. శ్రీలంక తమిళులు, మలయాళీలు, పంజాబీలు, బంగ్లాదేశ్ వాళ్లు, ఘనా వాళ్లు, రొమేనియా వాళ్లు, తాతలనాటి నుంచి ఇక్కడే ఉన్న తెల్లవాళ్లు, అందరూ ఒకే బస్సు ఎక్కుతారు. ట్రైన్‌లో ఒక్క స్టేషన్ వెళ్తే అప్టన్ పార్క్. వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ క్లబ్ 112 ఏళ్లు అక్కడే ఆడి 2016లో స్ట్రాట్‌ఫర్డ్‌కి వెళ్లిపోయింది. స్టేషన్ పక్కనే క్వీన్స్ మార్కెట్. మంగళ, గురు, శుక్ర, శనివారాల్లో ఉంటుంది. కూరగాయలు గిన్నె లెక్కన అమ్ముతారు. ఆ మార్కెట్‌ని కూల్చి పెద్ద టవర్ కట్టాలని చూస్తే దుకాణాలవాళ్లూ కొనేవాళ్లూ కలిసి ఏళ్ల తరబడి పోరాడి ఆపారు.

మా పక్కింటి బంగ్లాదేశీ పెద్దమ్మ మొదటి ఏడాది ఒకరోజు ఇలిష్ పులుసు పంపింది. తిని, ఇది మా పులసే కదమ్మా అన్నా. గోదావరి గురించి చెప్తే ఆమె పద్మా నది గురించి చెప్పింది. ఇప్పటికీ చేప తెస్తే మాకు కబురు పెడుతుంది.

ఇంకొకరి జవాబు:
అన్నయ్య ఊరి గురించి చెప్పారు, నేను ఇంటి గురించి చెప్తా. నేను వచ్చిన కొత్తలో ఒక ఇంటి యజమానికి డిపాజిట్ చేతికి నగదు ఇచ్చాను. రసీదు లేదు, తిరిగి రాలేదు. నాలుగు నెలలు ఏడ్చాను. నీకలా జరగకూడదు నాన్నా.

రూమ్ చూడకుండా ఇండియా నుంచి డబ్బు పంపకు. మన ఏరియాకి మున్సిపాలిటీ లాంటి న్యూహామ్ కౌన్సిల్ 2013లోనే అద్దె ఇళ్లకి లైసెన్సు పెట్టింది, ఇంగ్లండ్‌లో బరో (ఒక కౌన్సిల్ కింద ఉండే ప్రాంతం) మొత్తానికీ అలా పెట్టడం అదే మొదలు. ఆ ఇంటికి లైసెన్సుందో లేదో కౌన్సిల్ జాబితాలో చూసుకో. మామూలు అద్దెలకి డిపాజిట్ 5 వారాల అద్దె దాటకూడదు, 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ స్కీములో పెట్టాలి. ఒప్పందం కాగితం మీద ఉండాలి. అడ్వర్టైజ్‌మెంట్‌లో ‘మనవాళ్లే’ అని రాసి ఒక్కో గదిలో నలుగురిని కుక్కే ఇళ్లున్నాయి. మనవాళ్లే కదా అని మొహమాటపడకు.

రాగానే దగ్గర్లోని డాక్టర్ దగ్గర పేరు రాయించుకో. అడ్రస్ రుజువు లేదని నిన్ను వెనక్కి పంపకూడదు.

ప్రశ్న అడిగినతను:
అన్నా, అక్కా, చాలా థాంక్స్. అయితే తెలుగువాళ్ల ఇంట్లోనే చూసుకోనా? రంగుని బట్టి గొడవలేమైనా ఉంటాయా? అమ్మ అదే అడుగుతోంది.

మొదటి జవాబు రాసిన అన్నయ్య:
అమ్మగారికి ఉన్నదున్నట్టు చెప్పు. నాకైతే ఇన్నేళ్లలో రెండుసార్లు దారిలో చెడ్డ మాటలు వినపడ్డాయి. ఒకసారి బస్టాప్‌లో ఎవరో తిడుతుంటే మధ్యలో వచ్చి నిలబడింది ఒక జమైకా ముసలాయన. పాత రోజులు ఇలా లేవు. 1980 జులైలో ఇదే హై స్ట్రీట్ నార్త్ మీద అఖ్తర్ అలీ బేగ్ అనే కుర్రాణ్ణి జాతి ద్వేషంతో చంపేశారు. ఆ తర్వాత ఆసియా కుర్రాళ్లూ నల్లజాతి వాళ్లూ కలిసి వీధుల్లోకి వచ్చారు, ఆ ఏడాదే జాతి వివక్ష మీద పోరాడే న్యూహామ్ మానిటరింగ్ ప్రాజెక్ట్ అనే సంస్థ పుట్టింది. మనం రాత్రి పదింటికి దోసె తిని నింపాదిగా ఇంటికి నడిచే ఫుట్‌పాత్ మీద వాళ్ల పోరాటం ఉంది. దాన్ని తలుచుకోకుండా నేను ఆ వీధి దాటను.

మొదటి ఆరు నెలలు తెలుగువాళ్లతో ఉండు. జ్వరం వస్తే జావ కాచిచ్చేవాళ్లు కావాలి. కానీ గది బయట కూడా నలుగురు తెలియాలి. బార్కింగ్ రోడ్డులో టౌన్ హాల్ పక్కన లైబ్రరీ ఉంది, చదువుకోడానికి అక్కడికి వెళ్లు. పక్కింటివాళ్ల పేర్లు మొదటి వారమే అడుగు.

దిగాక ఇక్కడే రాయి. శనివారం నేను ఖాళీ, మార్కెట్‌కి తీసుకెళ్తా. సంచి తెచ్చుకో.