పోలో జీటీకి సైడ్ ఎగ్జిట్: రోజూ రోడ్డెక్కే బండికి పనికొస్తుందా?

బూస్ట్_బాబు (మియాపూర్)

అన్నలూ, అక్కలూ, ఒక విషయం తేల్చాలి. నాది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ, 1.2 లీటర్ టర్బో, డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్). కంపెనీ లెక్క పవర్ 105 పీఎస్, టార్క్ 175 ఎన్‌ఎం. స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ కోసం ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) అయిపోయింది. ఇప్పుడు వెనక సైలెన్సర్ పూర్తిగా తీసేసి, పైపుని మధ్యలోనే కుడివైపు తిప్పి, వెనక చక్రానికి కాస్త ముందు, డోరు కింద నుంచి బయటికి తీయాలని ప్లాన్, అదే సైడ్ ఎగ్జిట్. క్యాట్‌ని (పొగలో విషవాయువులు తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్‌ని) కదపను, సెన్సర్లు ఉన్నచోటే ఉంటాయి. మా షెడ్డు అన్న 2.5 అంగుళాల స్టెయిన్‌లెస్ పైపు, చిన్న రెజొనేటర్ (మోత తగ్గించే డబ్బా) పెట్టి చేసిస్తానంటున్నాడు. ఇది ట్రాక్ బండి కాదు, రోజూ గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్లే బండి. టర్బో బండికి పైపు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదని అందరూ చెప్పేదే. కాదనేవాళ్లు కారణం రాయండి, "వద్దు బ్రో" అని రాసి వెళ్లిపోకండి.

గేర్_గోదావరి (రాజమండ్రి)

చెయ్యి తమ్ముడూ, సిద్ధాంతం ప్రకారం నువ్వు చెప్పింది కరెక్టే. టర్బో లేని ఇంజన్‌లో పైపు పొడవుకి ఒక లెక్క ఉంటుంది. ఒక సిలిండర్ వదిలిన గాలి అల పక్క సిలిండర్‌ని ఖాళీ చేయడానికి సాయపడేలా హెడర్లు (సిలిండర్ల నుంచి పొగ తెచ్చే పైపులు) కొలిచి చేస్తారు. టర్బో బండిలో ఆ అలలన్నీ టర్బైన్ (పొగ తోపుకి తిరిగే టర్బో చక్రం) దగ్గరే విరిగిపోతాయి. దాని తర్వాత పైపు పని ఒక్కటే, అడ్డం లేకుండా పొగని బయటికి పంపడం. డ్రాగ్ బండ్లకి (నేరు దారిలో వేగం పందేలు ఆడేవాటికి) ఫెండర్‌లోంచి (చక్రం మీది రేకులోంచి), బానెట్‌లోంచి పైపులు పెట్టేది అందుకే. స్టైల్ కోసం కాదు.

చిన్నా_వైజాగ్

బానెట్ ఎగ్జిట్ మాకు కొత్తేం కాదు, మా ఊళ్లో ట్రాక్టర్లన్నీ అంతే. రాత్రి వాన నీళ్లు లోపలికి పోకుండా దాని మీద ఖాళీ డబ్బా బోర్లిస్తారు. పొద్దున డబ్బా తీయడం మర్చిపోయి స్టార్ట్ చేస్తే అది ఎగిరి పక్కింటి పెరట్లో పడుతుంది. బాబూ, నీకూ ఒక డబ్బా పంపమంటావా?

స్వాతి_ఎస్ (పుణె)

గోదావరి గారు చెప్పింది సగమే. ఇంజన్ టెస్టింగ్ నా ఉద్యోగం కాబట్టి మిగతా సగం రాస్తాను.

టర్బైన్ చూసేది దాని ముందు పీడనానికీ వెనక పీడనానికీ ఉన్న నిష్పత్తిని. ఉదాహరణకి ముందు 2.4 బార్, వెనక 1.2 బార్ అనుకుందాం, నిష్పత్తి 2. వెనక పైపు బాగుచేసి 1.2 ని 1.1 చేశారనుకోండి. అదే నిష్పత్తికి, అంటే అదే బూస్ట్‌కి (టర్బో ఇంజన్లోకి తోసే గాలి పీడనానికి), ముందు 2.2 చాలు. వెనక 0.1 తగ్గిస్తే ముందు 0.2 తగ్గింది. ఇంజన్ పొగని నెట్టడానికి పడే కష్టం తగ్గుతుంది, సిలిండర్లో మిగిలే పాత పొగ తగ్గుతుంది, నాకింగ్‌కి (సిలిండర్లో పెట్రోల్ తనంతట తానే పేలడానికి) కాస్త దూరంగా ఉంటాం. టర్బో బండికి ఎగ్జాస్ట్ మారిస్తే తేడా తెలుస్తుందనేది నిజమే.

కానీ ఆ 0.1 బార్ ఎక్కడ ఉంది? ఎక్కువ భాగం టర్బో నోటి దగ్గర మలుపులోనూ, క్యాట్ లోపలి జల్లెడ లాంటి దిమ్మలోనూ ఉంటుంది. పొగ అక్కడ అత్యంత వేడిగా, అత్యంత వేగంగా ఉంటుంది. వెనక్కి వచ్చేకొద్దీ చల్లబడి, కుంచించుకుపోయి, నెమ్మదిస్తుంది. మీరు క్యాట్ కదపను అన్నారు. అది మంచి మాట. కానీ దాంతో లాభం ఉన్న చోటు వదిలేసి, లాభం తక్కువ ఉన్న చోట కోత పెడుతున్నారు. 1.2 లీటర్ ఇంజన్, రీమ్యాప్ చేసినా 130 పీఎస్ చుట్టుపక్కలే. 2.5 అంగుళాల పైపుని దీనికి రెట్టింపు పవరున్న ఇంజన్లకి వాడతారు. అదే పైపు వెనకదాకా వెళ్లినా మీ ఇంజన్‌కి పెద్ద తేడా తెలియదు.

బూస్ట్_బాబు (మియాపూర్)

అక్కా, లెక్క అర్థమైంది. కానీ నష్టం లేదు కదా? పవర్ కొంచెమే పెరిగినా సౌండ్ మారుతుంది, బరువు తగ్గుతుంది. మెర్సిడెస్ జీ63 కూడా టర్బో బండే, దానికి కంపెనీవాళ్లే పక్కల నుంచి పైపులు ఇచ్చారు. వాళ్లకి తెలియని ప్రమాదం మనకి తెలుసా?

షెడ్డు_ఖాదర్ (వరంగల్)

బాబూ, జీ63 కింద ఎంత ఎత్తుంటదో, పోలో కింద ఎంతుంటదో ముందు ఆ తేడా చూడు.

ఇగ నీ బండి సంగతి. పోలోకి పెట్రోల్ మూత ఏ పక్కన ఉంది? కుడి పక్క, వెనక చక్రం మీద. నువ్వు పైపు తీసేది సరిగ్గా దాని కింద, జానెడు ముందు. బంకులో ఆటో కట్ అయ్యాక కూడా పిల్లగాడు "రౌండ్ ఫిగర్ చేస్త సార్" అని ఇంకో రెండు సార్లు నొక్కుతాడు. నొక్కితే ఏమైతది? మూత అంచు నుంచి పెట్రోల్ కారి ఫెండర్ మీదుగా కిందికి జారుతది. ఇప్పుడు కింద చల్లటి ప్లాస్టిక్, రోడ్డు ఉన్నయి. రేపు అక్కడ, ఎక్స్‌ప్రెస్‌వే నుంచి అప్పుడే దిగిన బండి పైపు ఉంటది. ఇంజన్ ఆపినా పైపు చల్లారదు గదా.

రెండోది, ట్యాంకు వెనక సీటు కిందనే. పైపు మధ్య టన్నెల్‌లోంచి కుడికి రావాలంటే ట్యాంకు ముందు నుంచి అడ్డంగా పోవాలె. అక్కడ బ్రేకు పైపులు, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు ఉంటయి. బండి లిఫ్ట్ మీదికెక్కించి, కింద నిలబడి చెయ్యి పెట్టి చూడు, ఎంత సందు ఉందో తెలుస్తది. హీట్ షీల్డ్ లేకుండ వెల్డింగ్ చేస్తనన్నోడి దగ్గరికి మాత్రం పోకు.

డాలస్_డబ్ల్యూఆర్‌ఎక్స్

నా దగ్గర సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఉంది, దానికి ఫెండర్ ఎగ్జిట్ పైపు కూడా ఉంది. రోడ్డు మీద వాడను. ఎన్నిస్‌లో టెక్సస్ మోటార్‌ప్లెక్స్‌కి (డ్రాగ్ రేసులు జరిగే చోటుకి) వెళ్లిన రోజు అక్కడ వీ-బ్యాండ్ క్లాంప్ విప్పి బిగిస్తాను, ఇంటికి బయల్దేరే ముందు మామూలు పైపు పెట్టేస్తాను. బూస్ట్ త్వరగా ఎక్కుతుందనేది సీటులో కూర్చుంటేనే తెలుస్తుంది, అబద్ధం కాదు. కాకపోతే నాది డౌన్‌పైప్ (టర్బో తర్వాత వచ్చే మొదటి పైపు) నుంచే నేరుగా బయటికి, మధ్యలో ఏమీ లేదు. బాబు చేస్తానంటున్న దానితో పోలికే లేదు.

యూట్యూబ్‌లో మా దేశం వీడియోలు చూసి అక్కడ చేసేవాళ్లు ఒకటి గమనించరు. ఇక్కడ డ్రైవర్ ఎడమన కూర్చుంటాడు, పైపు ఎక్కువమంది కుడి ఫెండర్‌లో తీస్తారు. అంటే డ్రైవర్‌కి అవతలి పక్క. మీకు స్టీరింగే కుడిపక్క. బాబు పైపు తన సీటు వెనకే, తన కిటికీకి కాస్త వెనకే తెరుచుకుంటుంది.

రేసు స్ట్రిప్‌లో లైన్లో నిలబడి ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజన్ నడుస్తూ) ఉన్నప్పుడు, గాలి లేని సాయంత్రం, కిటికీ దించితే నా దగ్గరున్న కార్బన్ మోనాక్సైడ్ (విషవాయువు) మీటర్‌లో అంకె కదలడం చూశాను. ఇంట్లో గోడకి తగిలించే అలారం కార్లో పెట్టుకుని నిశ్చింతగా ఉండకండి. అవి 70 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 70) దగ్గర గంట దాటాక గానీ మోగకపోవచ్చు, వాటి ప్రమాణమే అలా ఉంటుంది. అంకెలు చూపించే మీటర్ కావాలి.

గేర్_గోదావరి (రాజమండ్రి)

డాలస్ బ్రో, మీది క్యాట్ లేని పైపు. బాబుకి క్యాట్ ఉంటుంది. వేడెక్కిన క్యాట్ తర్వాత మోనాక్సైడ్ ఎంత మిగులుతుంది? పీయూసీ (కాలుష్య తనిఖీ) పాసవ్వాలంటే ఐడిల్‌లో 0.3 శాతం లోపే ఉండాలి. ఊరికే భయపెట్టకండి.

స్వాతి_ఎస్ (పుణె)

"వేడెక్కిన" అన్నారు చూడండి, విషయమంతా అందులోనే ఉంది. క్యాట్ పని మొదలెట్టాలంటే 250 నుంచి 300 డిగ్రీలు దాటాలి. అప్పటిదాకా, పైగా చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువ పోసే ఆ కాసేపు, మోనాక్సైడ్ దాదాపు ఉన్నదున్నట్టు బయటికొస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

బాబూ, మీ బండి ఎక్కడ పార్క్ చేస్తారు? అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనా? పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, కుడిపక్క పిల్లర్‌కి ఆనుకుని రివర్స్ తీస్తూ, వాచ్‌మన్‌తో మాట్లాడ్డానికి కిటికీ దించుతారు. పొగ పిల్లర్‌కి తగిలి ఎటు వస్తుందో ఊహించండి. పొమ్మనలేక పొగబెట్టడం అంటారు, మీరు మీకే పెట్టుకుంటున్నారు. వెనకనుంచి పోయే పైపుతో కూడా సెల్లార్‌లో పొగ ఉంటుంది, కాదనను. కానీ ఆ పైపు మీ కిటికీకి సగం బండి పొడవంత దూరంలో ఉంటుంది.

అనిత_కేపీహెచ్‌బీ

నేను కారు నడపను, యాక్టివా నడుపుతాను. ఇక్కడ అందరూ కార్లో కూర్చున్నవాళ్ల గురించే రాస్తున్నారు. జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర కారుకి రెండు పక్కలా మేమే ఉంటాం, డివైడర్ పక్కన కూడా. కాలు కింద పెడితే మీ పైపు ఎదురుగా నా పిక్క ఉంటుంది. ఎండాకాలం మామూలు కార్ల వేడికే చీర అంచు దూరంగా పట్టుకుంటాను. వెనకున్న పైపైతే చూసి కాస్త పక్కకి ఆగుతాం. పక్కన పైపు ఉంటుందని ఎవరు అనుకుంటారు?

బూస్ట్_బాబు (మియాపూర్)

అనిత గారూ, ఈ మాట నాకు తట్టలేదు. పైపు నోరు వెనక్కి వంచి, చక్రం వైపు తిప్పితే?

షెడ్డు_ఖాదర్ (వరంగల్)

చక్రం వైపు తిప్పితే టైరు పక్కగోడ రోజూ వేడికి ఎండుతది. బ్రేకు హోసు కూడా ఆడ్నే ఉంటది.

ఆర్సీ_రాజు (విజయవాడ)

చట్టం ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను.

ఆసక్తికరమైన విషయం ఏంటంటే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 112వ నిబంధన ప్రకారం పొగ కిందికి గానీ ఎడమ పక్కకి గానీ పోకూడదు. వెనక్కి లేదా కుడిపక్కకి పోవాలి. ఎడమ పక్క ఫుట్‌పాత్, బస్టాపు, నడిచేవాళ్లు. లారీలకి, బస్సులకి చాలావాటికి కుడిపక్క పైపు కనిపించేది అందుకే. పెట్రోల్ ట్యాంకర్‌కి సైలెన్సర్ ముందుకి ఉంటుంది, సరుకుకి దూరంగా. కాబట్టి "కుడి పక్క పైపు" అనేదే నేరం కాదు. బాబు ఈ పాయింట్ పట్టుకుని ఎగరకముందే మిగతాది కూడా చదవాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. తయారీదారు ఇచ్చిన వివరాలకి, ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, కాలుష్యం కేసు పెడితే 190(2): 10,000 దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, పైగా మూడు నెలలు లైసెన్సు పోతుంది. జీ63 అనే వాదన అక్కడ చెల్లదు. అది ఆ పైపులతోనే తయారై, ఆ పైపులతోనే ఆమోదం పొందిన బండి. మీది షెడ్డులో పుట్టిన పైపు.

బుల్లెట్ బైకుల మోత సైలెన్సర్లు పోలీసులు వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన ఫొటోలు పేపర్లలో చూసే ఉంటారు. ఇన్సూరెన్స్ వాళ్లకి మార్పు సంగతి చెప్పకపోతే, రేపు కింద నుంచి మంట అంటుకున్న రోజున సర్వేయర్ ముందు చూసేది ఆ వెల్డింగునే.

గేర్_గోదావరి (రాజమండ్రి)

రాజు గారూ, చట్టం మాటకొస్తే రీమ్యాప్ కూడా లెక్కలోకి వస్తుంది. అదెవరూ అడగరు, పైపు మాత్రం బయటికి కనిపిస్తుంది కాబట్టి పట్టుకుంటారు. నిజాయితీగా మాట్లాడుకుంటే ఇక్కడ సగం మంది బండ్లు ఆర్సీకి సరిపోవు.

ఆర్సీ_రాజు (విజయవాడ)

సరిపోవు. నేను తీర్పు చెప్పడం లేదు, రేటు చెప్తున్నాను.

డాలస్_డబ్ల్యూఆర్‌ఎక్స్

ఇక్కడ కూడా అంతే. టెక్సస్‌లో ఏటా చేసే సేఫ్టీ తనిఖీ 2025 జనవరి నుంచి మామూలు కార్లకి ఎత్తేశారు. "ఇక ఏదైనా చేసుకోవచ్చు" అని మావాళ్లు సంబరపడ్డారు. డాలస్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ టెస్టు అలాగే ఉంది, క్యాట్ తీయకూడదన్న ఫెడరల్ చట్టమూ అలాగే ఉంది.

సౌండ్ కావాలంటే సులువైన దారి వేరే ఉంది. వెనక పెట్టె తీసి, అదే చోట లోపల అడ్డాలు లేని స్ట్రెయిట్-త్రూ మఫ్లర్ (సైలెన్సర్) పెట్టించు. పైపు వెనకే ఉంటుంది. సైడ్ ఎగ్జిట్‌తో 100 స్పీడ్‌లో ఏడో గేరులో బండి వెళ్తున్నప్పుడు చెవి వెనక ఒకటే "బూం" మోత, గంటసేపు. మొదటి వారం సంగీతంలా ఉంటుంది. తర్వాత ఫోన్లో మాట్లాడ్డానికి బండి ఆపుకోవాలి.

బూస్ట్_బాబు (మియాపూర్)

సరే, నిజం ఒప్పుకుంటున్నా, సౌండే ముఖ్యం, పవర్ రెండోది. కానీ స్వాతి అక్క చెప్పిన "వెనక భాగంలో లాభం తక్కువ" అనేది నా బండిలో కూడా అంతేనా అని నాకు అనుమానం. కంపెనీ పైపు చాలా సన్నగా ఉంది. ఎలా తెలుస్తుంది?

స్వాతి_ఎస్ (పుణె)

కొలిస్తే తెలుస్తుంది, పెద్ద ఖర్చు కూడా కాదు. క్యాట్ తర్వాత పైపులో ఒక ఆక్సిజన్ సెన్సర్ బుష్ (సెన్సర్ బిగించే మరల ఉంగరం) వెల్డ్ చేయించండి. దానికి మీటరు పొడవు సన్న రాగి గొట్టం బిగించి, దాని చివర రబ్బరు ట్యూబు, ఆ చివర తక్కువ పీడనం చూపించే గేజు. రాగి గొట్టం ఎందుకంటే రబ్బరుని నేరుగా పెడితే కరిగిపోతుంది. డీఎస్‌జీ మాన్యువల్‌లో పెట్టి, మూడో గేరులో ఫుల్ త్రాటిల్, పవర్ పీక్ దగ్గర అంకె చూడండి. అక్కడ 0.05 బార్ వచ్చిందనుకోండి, వెనక పైపు మొత్తం కోసి పారేసినా మీకు దొరికేది ఆ 0.05 మాత్రమే. 0.2 వస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను, పైపు లావు చేయించండి. అప్పుడు కూడా వెనక్కే.

షెడ్డు_ఖాదర్ (వరంగల్)

రాగి గొట్టం నా దగ్గరుంది, ఫ్రిజ్ మెకానిక్ దగ్గర కూడా దొరుకుతది. బుష్ పెట్టాక మూత పెట్టుకునే బోల్టు మర్చిపోకు, అది లీకైతే పొగ నేరుగా ఫ్లోర్ కిందకే.

గేర్_గోదావరి (రాజమండ్రి)

0.1 దాటుతుందని నా పందెం. దాటకపోతే ఆ బుష్ వెల్డింగ్ డబ్బులు నావి.

బూస్ట్_బాబు (మియాపూర్)

డీల్ అన్నా. ఆదివారం పొద్దున్నే ఓఆర్‌ఆర్ మీద చేస్తా.

స్వాతి_ఎస్ (పుణె)

ఓఆర్‌ఆర్ మీద కాదు. ఫుల్ త్రాటిల్‌లో గేజు చూస్తూ రోడ్డు ఎలా చూస్తారు? రోలర్ డైనో (చక్రాలు రోలర్ల మీద తిరిగే పరీక్ష యంత్రం) ఉన్న చోట చేయించండి, గేజుని ఫోన్‌తో వీడియో తీసి ఇక్కడ పెట్టండి.