చీలమండకు ఒక సైజు, పిక్కకు ఇంకో సైజు: స్టాకింగ్స్ ఏవి తీసుకోవాలి?

వెరికోస్ వెయిన్స్ (కాళ్లలో ఉబ్బి మెలికలు తిరిగిన సిరలు) వల్ల రెండు కాళ్లూ చీలమండల దగ్గర వాస్తున్నాయి. డాప్లర్ స్కాన్‌లో (సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే పరీక్ష) రక్తం గడ్డలేమీ లేవు, సిరల్లో కవాటాలు బలహీనపడ్డాయన్నారు. మోకాలి కింది వరకు వచ్చే క్లాస్ 2 (మధ్యస్థ ఒత్తిడి) కంప్రెషన్ స్టాకింగ్స్, అంటే కాలిని నొక్కి పట్టే బిగుతు మేజోళ్లు, రోజూ వేసుకోమన్నారు. బట్టల షాపులో పని, రోజంతా నిలబడే ఉంటాను.

పొద్దున మంచం దిగకముందే రబ్బరు గ్లౌజులతో ఎక్కిస్తున్నాను. మధ్యాహ్నం రెండు దాటేసరికి పైపట్టీ చుట్టలు చుట్టుకుని కిందికి జారి, పిక్క మీద తాడు కట్టినట్టు బిగుస్తుంది. సాయంత్రం విప్పితే అక్కడ వేలు పట్టేంత ఎర్రటి గాడి, దాని పైన కొత్తగా వాపు!

చీలమండ చుట్టుకొలత 22 సెం.మీ., పిక్క 41. చార్టు ప్రకారం చీలమండకు ఎం, పిక్కకు ఎక్స్‌ఎల్. మధ్యలో ఎల్ వేసి చూస్తే పిక్కకు సుఖమే గానీ చీలమండ దగ్గర ముడతలు పడి వాపు తగ్గట్లేదు. జారకుండా పైన సిలికాన్ పట్టీ ఉన్న రకం విజయవాడ ఎండకు, చెమటకు దద్దుర్లు తెప్పించింది. పైన మడత పెడితే అక్కడే ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి అది కుదరదు. తొడ దాకా వచ్చేవి ఈ ఎండల్లో నా వల్ల కాదు.

నాలాగే చీలమండ సన్నగా, పిక్క లావుగా ఉన్నవాళ్లకు సాయంత్రం దాకా జారకుండా నిలిచింది ఏది: పిక్క వెడల్పుగా ఉండే రెడీమేడ్ రకమా, కొలతలిచ్చి చేయించుకున్నదా?